ఒకే గీత, రెండు చివరలు: ‘లేడీ బి గుడ్’ బాంబర్ దారి తప్పిన తీరును చేసి చూసిన ప్రాజెక్టు డైరీ

1943 ఏప్రిల్ 4న లిబియాలోని సులూక్ స్థావరం నుంచి 25 అమెరికన్ బి-24 లిబరేటర్ బాంబర్లు ఇటలీలోని నేపుల్స్ రేవు మీద దాడికి బయలుదేరాయి. వాటిలో తిరిగి రానిది ‘లేడీ బి గుడ్’ ఒక్కటే. అందులోని తొమ్మిది మందికీ అది కలిసి చేసిన మొదటి యుద్ధయాత్ర. అర్ధరాత్రి దాటి 12 నిమిషాలయ్యాక పైలట్ విలియం హాటన్ తన ఆటోమేటిక్ డైరెక్షన్ ఫైండర్ (రేడియో సంకేతంతో దిక్కు చూపే పరికరం) పనిచేయడం లేదని రేడియోలో చెప్పి, తాము ఏ దిక్కున ఉన్నామో తెలపమని అడిగాడు. బెంఘాజీ పక్కనున్న బెనీనా కేంద్రం ఆ సంకేతాన్ని పట్టుకుని, 330 డిగ్రీలు అని కొలిచి చెప్పింది. 330 అంటే వాయవ్యం, అంటే సముద్రం వైపు. నేపుల్స్ నుంచి వచ్చే విమానం ఉండవలసింది అక్కడే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నిజానికి అప్పటికే విమానం స్థావరాన్ని దాటి, దానికి సరిగ్గా ఎదురు దిక్కున, 150 డిగ్రీల వైపు సహారా ఎడారి మీద ఎగురుతోందన్నది ఈ దుర్ఘటనను పరిశీలించినవారు ఎక్కువగా అంగీకరించే వివరణ. దిక్కును కొలిచే లూప్ యాంటెన్నా (చట్రం మీద వైరు చుట్టి చేసిన యాంటెన్నా) సంకేతం వచ్చే గీతను సరిగానే చూపిస్తుంది గానీ, ఆ గీత ఏ చివరన మనిషి ఉన్నాడో చెప్పదు.

ఈ ఒక్క విషయాన్ని మా ఊరి ఉన్నత పాఠశాల పిల్లలకు నోటితో చెప్పి ఒప్పించలేకపోయాను. పరికరం పాడవకుండా, కొలిచినవాడు తప్పు చేయకుండా, తొమ్మిది మంది ఎలా చనిపోతారని వారు అడిగారు. అది సరైన ప్రశ్నే. అందుకే లూప్ యాంటెన్నాను చేసి, దాని అయోమయాన్ని వారి చేతులతోనే కొలిపించి, తరువాత పటం మీద ఆ విమానం దారిని గీయించాలని ఈ పని మొదలుపెట్టాను. ఇదే పని చేయదలచినవారు నా తప్పులు మళ్లీ చేయకుండా ఉండాలని కొలతలు, ఖర్చు, పోయిన గంటలు అన్నీ రాస్తున్నాను. నేను ఉండేది హనుమకొండలో. నేను పట్టుకున్న కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఆకాశవాణి హైదరాబాద్.

మొదటి దశ: చట్రం, చుట్లు

రెండు రీపర్లను ప్లస్ గుర్తులా బిగించి, నాలుగు చివరల మీదుగా వైరు చుడితే 60 సెం.మీ. భుజం గల చతురస్రం వచ్చేలా చట్రం చేయించాను. ఒక్కో చుట్టుకు 2.4 మీటర్ల వైరు పడుతుంది. చుట్లు ఎక్కువైతే సంకేతం బలంగా వస్తుందన్న ఆలోచనతో మొదట 20 చుట్లు, ఒకదానికొకటి ఆనుకునేలా చుట్టాను. ఇది పూర్తిగా విఫలమైంది. పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌ను (కేంద్రాన్ని ట్యూన్ చేసే, రేకులు తిరిగే భాగం) చివరలకు కలిపి, రేకులను పూర్తిగా తెరిచినా, పక్కన బల్ల మీద పెట్టిన ట్రాన్సిస్టర్ రేడియోలో 738 దగ్గర శబ్దం పెరగలేదు. డయల్ మీద 650కి దిగువనే ఎక్కడో పెరిగి ఆగిపోయింది.

కారణం లెక్క వేశాకే తెలిసింది. ఆనుకుని చుట్టిన 20 చుట్ల ఇండక్టెన్స్ (ట్యూనింగ్‌ను నిర్ణయించే తీగచుట్ట గుణం) దాదాపు 650 మైక్రోహెన్రీలు. దానితో 738 పట్టాలంటే కండెన్సర్ 70 పికోఫారడ్ల దగ్గరకు దిగాలి. ఆనుకుని ఉన్న చుట్ల మధ్య పుట్టే కెపాసిటెన్సే ఆ మాత్రం ఉంటుంది కాబట్టి గ్యాంగు చేయగలిగింది ఏమీ మిగలలేదు. మొత్తం విప్పేసి 10 చుట్లు మాత్రమే, చుట్టుకూ చుట్టుకూ మధ్య 6 మి.మీ. ఎడం వదిలి చుట్టాను. ఇప్పుడు ఇండక్టెన్స్ సుమారు 143 మైక్రోహెన్రీలు, 738కి కావలసిన కెపాసిటెన్స్ సుమారు 325 పికోఫారడ్లు. గ్యాంగు మూడింట రెండు వంతుల దగ్గర నిలిచినప్పుడు వార్తలు చదివే గొంతు ఒక్కసారిగా పైకి లేచింది.

చేసే క్రమం ఇది:

1. చట్రం చివరల్లో 6 మి.మీ. ఎడంతో రంపపు గాట్లు పెట్టాలి. మేకులు కొట్టకూడదు, రీపరు చీలుతుంది.
2. 10 చుట్లు బిగువుగా చుట్టాలి. 5వ చుట్టు ముగిసిన చోట ఇన్సులేషన్ గీకి చిన్న తోక వదలాలి. దాని అవసరం రెండో దశలో వస్తుంది.
3. రెండు చివరలను గ్యాంగుకు కలపాలి.
4. చట్రం అడుగున పాత సీలింగ్ ఫ్యాను బేరింగు బిగించి, ప్లైవుడ్ పీట మీద తిరిగేలా నిలపాలి.

ఇప్పటివరకు: రీపర్లు 260, వైరు 50 మీటర్లు 650, గ్యాంగు 150, ట్రాన్సిస్టర్ రేడియో 650, మరలు, బంక మొదలైనవి 120. మొత్తం 1,830 రూపాయలు. పని 11 గంటలు.

రెండో దశ: శబ్దం పడిపోయే కోణం

లూప్ తలం అంచు కేంద్రం వైపు ఉంటే సంకేతం గరిష్ఠం. లూప్ ముఖం కేంద్రం వైపు ఉంటే శబ్దం దాదాపు పోతుంది. గరిష్ఠం మొద్దుగా ఉంటుంది, ఇరవై డిగ్రీలు తిప్పినా చెవికి తేడా తెలియదు. శబ్దం పోయే చోటు మాత్రం పదునుగా ఉంటుంది కాబట్టి దిక్కును కొలిచేవారు దాన్నే వాడతారు. దాన్ని ఈ డైరీలో మౌనకోణం అంటాను. లూప్‌కు రెండు ముఖాలున్నాయి కనుక పూర్తి చుట్టులో మౌనకోణాలు రెండు, వాటి మధ్య దూరం 180 డిగ్రీలు ఉండాలి.

నాకు మొదటి రోజు ఆ దూరం 180 రాలేదు. ఒకసారి 151, ఇంకోసారి 140. ఏడు సార్లు కొలిచినా స్థిరంగా రాలేదు. మూడు లోపాలు ఒకేసారి కలిసి ఉండటం వల్ల ఏది దేని ఫలితమో తెలుసుకోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది రేడియో. నేను దాన్ని బల్ల మీద ఉంచి లూప్‌ను మాత్రం తిప్పాను. ట్రాన్సిస్టర్ లోపల ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, అది కూడా దిక్కు తెలిసిన యాంటెన్నాయే. లూప్ మూగబోయినా కడ్డీ తన వంతు సంకేతాన్ని తాను పట్టుకుంటూ మౌనకోణాన్ని తన వైపు లాగింది. రేడియో వెనుక మూత తీసి కడ్డీ ఏ వైపు ఉందో చూసి, దాని పొడవు లూప్ తలానికి లంబంగా ఉండేలా రేడియోను చట్రం నడుమనే రబ్బరు బ్యాండ్లతో కట్టేశాను. ఇక రెండూ కలిసి తిరుగుతాయి, కలిసే మౌనం వహిస్తాయి. ఈ ఒక్క మార్పుతో మౌనకోణాల మధ్య దూరం 168కి వచ్చి అక్కడ స్థిరపడింది.

రెండోది సమతూకం. గ్యాంగు ఒక చివర నా చేతికీ, నేలకూ దగ్గరగా ఉండటంతో లూప్ మొత్తం ఒక మామూలు నిలువు తీగలా కూడా కొంత సంకేతాన్ని పట్టుకుంటోంది. నిలువు తీగకు దిక్కు తెలియదు. అది అన్ని వైపుల నుంచీ ఒకేలా పట్టే సంకేతం రెండు మౌనకోణాలనూ ఒకే పక్కకు వంచుతుంది. 5వ చుట్టు దగ్గర వదిలిన తోకను వైరుతో పెరట్లో పాతిన ఇనుప కడ్డీకి కలిపి, కడ్డీ చుట్టూ రెండు చెంబుల నీళ్లు పోశాను. మధ్యబిందువు భూమికి ముడిపడగానే రెండు సగాలూ సమతూకంలోకి వచ్చాయి. మౌనకోణాల దూరం 179. ఈ పరికరంతో నేను అంతకన్నా ఆశించలేదు.

మూడోది దిక్సూచి. కోణాలన్నీ 11 డిగ్రీలు తప్పుగా వస్తున్నాయి. రేడియో స్పీకరు వెనుక ఉన్న అయస్కాంతం పీట మీది దిక్సూచిని లాగుతోందని గ్రహించడానికి సిగ్గుపడేంత ఆలస్యమైంది. దిక్సూచిని పూర్తిగా పక్కన పెట్టి, మన పాత పద్ధతిలో శంకువు పాతాను. నిటారైన పుల్ల చుట్టూ వృత్తం గీసి, ఉదయం నీడ కొస వృత్తాన్ని తాకిన చోటు, మధ్యాహ్నం తరువాత మళ్లీ తాకిన చోటు గుర్తు పెట్టి, రెండింటినీ కలిపితే తూర్పు పడమరలు వచ్చాయి. ఇనుము, అయస్కాంతం దేనితోనూ దీనికి సంబంధం లేదు. దిక్సూచికి పెట్టిన 180 రూపాయలు వృథా అయ్యాయి, కొనవద్దు.

కొలిచే పద్ధతి:

1. పగలు, ఆరుబయట, కిటికీ గ్రిల్లులకు కనీసం 5 మీటర్ల దూరంలో కొలవాలి. గదిలో కొలిచినప్పుడు నాకు 25 డిగ్రీల తేడా వచ్చింది.
2. ఇంట్లో ఎల్ఈడీ దీపాలు, ఫ్యాను రెగ్యులేటరు ఆపాలి.
3. మౌనకోణం నడుమను చెవితో పట్టడానికి ప్రయత్నించకూడదు. గొంతు మాయమైన కోణం, తిరిగి వినిపించిన కోణం రెండూ రాసి సగటు తీయాలి.
4. పది సార్లు కొలిచి సగటుల సగటు తీయాలి.

మధ్యాహ్నం రెండు గంటలకు తీసిన పది కొలతల సగటు 236, దాని ఎదురు చివర 57. పటం ప్రకారం హనుమకొండ నుంచి హైదరాబాద్ 239 డిగ్రీల దిక్కున, సుమారు 130 కి.మీ. దూరంలో ఉంది. 3 డిగ్రీల తప్పు. నా పరికరానికి ఇది మర్యాదైన ఫలితమే, ఈ 3 డిగ్రీలను గుర్తుంచుకోవాలి, నాలుగో దశలో వీటితో పని ఉంది.

అదే రోజు రాత్రి పదింటికి మళ్లీ కొలిచాను. హాటన్ దిక్కు అడిగింది అర్ధరాత్రి కాబట్టి రాత్రి కొలత లేకుండా ఈ పని పూర్తి కాదు. చీకటి పడ్డాక మీడియం వేవ్ సంకేతం నేల వెంట వచ్చేదే కాక, ఆకాశంలోని అయనోస్ఫియర్ నుంచి తిరిగి దిగేది కూడా వచ్చి కలుస్తుంది. పైనుంచి దిగే తరంగం లూప్ అడ్డు భుజాల్లో కూడా వోల్టేజి పుట్టిస్తుంది. మౌనకోణం కళ్లముందే 220 నుంచి 245 దాకా మెల్లగా జరిగింది, ఒక్కోసారి పూర్తిగా మాయమైంది. పది కొలతల్లో ఆరు మాత్రమే రాయగలిగాను. ఆ చీకట్లో చెవికి రేడియో ఆనించి, మాయమవుతున్న గొంతు కోసం చట్రాన్ని ఒక్కో డిగ్రీ తిప్పుతున్నప్పుడు బెనీనాలో ఆ రాత్రి కూర్చున్న ఆపరేటరు గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. ఆయన గీత సరైనదే. రాత్రి పూట, కొద్ది క్షణాల సంకేతంతో, అంత దగ్గరగా కొలవడం చిన్న పని కాదు.

ఇప్పటివరకు: ముందటి 1,830కి దిక్సూచి 180, కోణాల అచ్చు 90, ఇనుప కడ్డీ 110 కలిపి మొత్తం 2,210 రూపాయలు. పని 30 గంటలు.

మూడో దశ: ఏ చివర అన్నది తేల్చడం

రెండో దశ చివర పాఠశాల పిల్లలు ఇద్దరిని పిలిచి, కేంద్రం పేరు చెప్పకుండా దిక్కు కొలవమన్నాను. 57 లేక 236 అని ఇద్దరూ సరిగానే చెప్పారు. వీటిలో ఏది అని అడిగితే, ఒకరు హైదరాబాద్ అయి ఉంటుందని 236 అన్నారు. ఎందుకని అడిగితే, హైదరాబాద్ అటే కదా సార్ అని జవాబు వచ్చింది. బెనీనాలో జరిగింది కూడా ఇదే. యంత్రం చెప్పని సగాన్ని మనిషి తనకు ముందే తెలిసినదానితో నింపుకున్నాడు.

ఈ అయోమయాన్ని తొలగించే ఉపాయం యుద్ధానికి ముందే తెలుసు. లూప్‌తో పాటు ఒక నిలువు తీగను కలిపితే, లూప్ ఒక అంచు వైపు నుంచి వచ్చే సంకేతం నిలువు తీగ సంకేతంతో కూడుతుంది, మరో అంచు వైపు నుంచి వచ్చేది తీసివేతకు లోనవుతుంది. అప్పుడు పూర్తి చుట్టులో మౌనం ఒక్క చోటే మిగులుతుంది. కాగితం మీద గీస్తే హృదయాకారం వస్తుంది.

మొదట 1.5 మీటర్ల తీగను నిలిపి లూప్ ఒక చివరకు నేరుగా కలిపాను. రెండు వైపుల మధ్య తేడా చెవికి అందలేదు, పైగా గ్యాంగు మళ్లీ సవరించవలసి వచ్చింది. లూప్ ట్యూన్ అయి ఉండటంతో దాని సంకేతం చాలా పెద్దది, పొట్టి తీగది దాని ముందు నిలవలేదు. వెదురు గెడకు 4 మీటర్ల వైరు కట్టి నిలబెట్టాక తేడా కనిపించింది, కానీ మౌనం మాత్రం తప్పు చోట, లూప్ ముఖానికీ అంచుకూ మధ్య ఎక్కడో వచ్చింది. తీగ పంపే విద్యుత్తు లూప్ విద్యుత్తుతో ఒకే ఫేజ్‌లో, అంటే ఒకే లయలో హెచ్చుతగ్గులు కాకపోవడమే దానికి కారణం. తీగకూ లూప్‌కూ నడుమ మారే రెసిస్టరు పెట్టి నెమ్మదిగా పెంచితే, 8 కిలోఓమ్‌ల దగ్గర ఒక వైపు గొంతు బాగా తగ్గి, ఎదురు వైపు స్పష్టంగా పెరిగింది. పూర్తి నిశ్శబ్దం రాలేదు. ఏ చివరో తేల్చడానికి ఆ తేడా చాలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఈ కలయికలో గరిష్ఠం, కనిష్ఠం రెండూ లూప్ అంచు దిక్కున వస్తాయి, అవి మొద్దుగా ఉంటాయి. కాబట్టి కోణాన్ని నిలువు తీగ లేకుండానే కొలవాలి, తరువాత తీగ కలిపి, లూప్‌ను 90 డిగ్రీలు తిప్పి, ఏ చివరో మాత్రం అడగాలి. వైరు చివరలు తారుమారైతే జవాబు కూడా తారుమారవుతుంది గనుక దిక్కు తెలిసిన ఒక కేంద్రంతో ముందుగా సరిచూసి, లూప్ ఒక అంచుకు ఎర్ర రంగు పూయడం తప్పనిసరి. నేను ఆ పని మరిచి మొదటి సాయంత్రం హైదరాబాద్‌ను ఈశాన్యంలో, గోదావరి అవతల చూపించాను.

ఇప్పటివరకు: మారే రెసిస్టరు 40, వెదురు గెడ 80. వైరు మొదటి దశలో మిగిలినదే సరిపోయింది. మొత్తం 2,330 రూపాయలు. పని 39 గంటలు.

నాలుగో దశ: పటం బల్ల

2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల ప్లైవుడ్ మీద 1 సెం.మీ.కు 20 కి.మీ. చొప్పున మధ్యధరా నుంచి సహారా దాకా పటం కావాలి. దొరికిన ప్రపంచ పటాన్ని పెద్దదిగా అచ్చు వేయించడం పొరపాటు. అది మెర్కేటర్ పటం, ఉత్తరానికి పోయేకొద్దీ దూరాలు సాగుతాయి. నేపుల్స్ దగ్గర ఒక సెంటీమీటరు, విమానం కూలిన చోట ఒక సెంటీమీటరు ఒకే దూరం కావు, దాదాపు 18 శాతం తేడా ఉంది. 300 రూపాయల అచ్చును చింపేసి, గడులు నేనే గీసుకున్నాను. అక్షాంశ రేఖల మధ్య 5.55 సెం.మీ. ఎడం అంతటా ఒకటే. రేఖాంశాల మధ్య ఎడం మాత్రం 40 డిగ్రీల అక్షాంశం దగ్గర 4.26, 32 దగ్గర 4.72, 27 దగ్గర 4.96 సెం.మీ. నిలువుగా ఉండేది 20 డిగ్రీల తూర్పు రేఖాంశం ఒక్కటే, మిగిలినవి వంగుతాయి.

మూడు మేకులు దిగగొట్టాను: నేపుల్స్, బెనీనా, విమాన శకలాలు. శకలాలు సుమారు 26.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 24 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నాయి. 1958లో చమురు అన్వేషకులు వాటిని గాలిలోంచి చూశారు, 1959లో నేల మీదుగా చేరుకున్నారు. 1943లో మాత్రం విమానం సముద్రంలో పడిందనుకుని మధ్యధరా మీద వెతికారు.

నేపుల్స్ నుంచి బెనీనా 54.8 సెం.మీ., అంటే సుమారు 1,100 కి.మీ. బెనీనా నుంచి శకలాలు 35.3 సెం.మీ., అంటే సుమారు 700 కి.మీ. నేపుల్స్ మేకు నుంచి శకలాల మేకుకు ఎర్ర దారం బిగించి లాగితే అది బెనీనా మేకుకు 1.7 సెం.మీ. తూర్పుగా మాత్రమే పోయింది. ఇంటికి వస్తున్న దారి, ఇంటిని దాటి ఎడారిలోకి పోయిన దారి దాదాపు ఒకే సరళరేఖ.

తరువాత గోళం లెక్కతో కోణాలు తీశాను. బెనీనా నుంచి నేపుల్స్ 333 డిగ్రీలు. బెనీనా నుంచి శకలాలు 148 డిగ్రీలు, దాని ఎదురు చివర 328. ఆ రాత్రి చెప్పిన కొలత 330. సముద్రం మీద ఉంటే రావలసిన అంకె 333, ఎడారి మీద ఉంటే లూప్ చూపే అంకె 328. రెండింటి మధ్య 5 డిగ్రీలే తేడా, పట్టపగలు స్థిరమైన కేంద్రాన్ని కొలిచిన నా లూప్ తప్పే 3 డిగ్రీలు. అంటే ఆ అంకెను ఎంత శ్రద్ధగా చూసినా ఏది నిజమో తేలదు. విమానం మరో దిక్కు నుంచి ఇంటికి వస్తూ ఉండి ఉంటే, 330 అన్న అంకె ఎవరినైనా ఆశ్చర్యపరచి, రెండోసారి అడిగించేది. ఇక్కడ తప్పు జవాబు కూడా నమ్మదగినదిగా కనిపించింది. ఇంతవరకు పిల్లలకు మాటలతో చెప్పలేకపోయినది ఇదే.

కాలం లెక్క కూడా వేశాను. సిబ్బంది పారాచూట్లతో దూకింది రెండు గంటలకు. 12:12 నుంచి 108 నిమిషాలు. లిబరేటర్ గంటకు 320 కి.మీ. చొప్పున పోయిందనుకుంటే 576 కి.మీ., పటం మీద 28.8 సెం.మీ. వారు దూకాక ఖాళీ విమానం ఇంకో 26 కి.మీ. ఎగిరింది. బెనీనా నుంచి శకలాల దాకా ఉన్న 700 కి.మీ. నుంచి ఈ రెండూ తీసేస్తే దిక్కు అడిగిన నిమిషానికి విమానం బెనీనాను దాటి సుమారు 100 కి.మీ. లోపలికి వచ్చి ఉండాలి. అక్కడ పచ్చ మేకు పెట్టాను. స్థావరం వారు ఆకాశంలోకి వదిలిన వెలుగు గుండ్లు అప్పటికే వారి వెనుక ఉండిపోయాయి.

ఇప్పటివరకు: ప్లైవుడ్ 620, పాడైన అచ్చు 300, కాగితాలు 60, మేకులు 45, దారం 20. మొత్తం 3,375 రూపాయలు. పని 53 గంటలు.

ఐదో దశ: తొమ్మిది మేకులు, నీళ్ల కొలత

ఇది చిన్న దశ. పని మూడు గంటలే, కానీ రెండు రోజులు ఆగి చేశాను.

దూకిన చోటు నుంచి శకలాల మేకుకు దూరం బల్ల మీద 1.3 సెం.మీ., నా చిటికెన వేలి వెడల్పు. దక్షిణంగా ఆ 26 కి.మీ. నడిచి ఉంటే విమానంలో కొంత నీరు, ఆహారం ఉన్నాయి. రేడియో 16 ఏళ్ల తరువాత కూడా పనిచేసే స్థితిలో దొరికింది. వారికి ఆ విషయం తెలిసే అవకాశం లేదు. సముద్రం దగ్గరలోనే ఉందనుకుని వాయవ్యంగా, విమానానికి దూరంగా నడిచారు. దూకిన తొమ్మిది మందిలో బాంబార్డియర్ (బాంబులు గురిపెట్టి వేసేవాడు) జాన్ వొరావ్కా మిగిలినవారిని కలుసుకోలేదు. అతని పారాచూట్ సరిగా తెరుచుకోలేదని 1960 ఆగస్టులో శరీరం దొరికాక తెలిసింది. తాము పోయిన దారి వెతికేవారికి తెలియాలని, మిగిలిన ఎనిమిది మంది పారాచూట్ గుడ్డ ముక్కల మీద రాళ్లు పెట్టి గుర్తులు వదిలారు.

కో-పైలట్ రాబర్ట్ టోనర్ జేబు డైరీలో ఏప్రిల్ 12 వరకు రోజుకు కొన్ని పంక్తులు రాశాడు. ఎనిమిది మందికి సగం క్యాంటీన్ నీరు ఉందనీ, మనిషికి రోజుకు ఒక మూతెడు అనీ, పదిహేను నిమిషాలు నడిచి ఐదు నిమిషాలు ఆగుతున్నామనీ ఉంది. రాత్రులు 35 డిగ్రీల ఫారెన్‌హీట్ అన్నాడు, అది మన లెక్కలో 2 డిగ్రీల కన్నా తక్కువ. అమెరికన్ సైనిక క్యాంటీన్ ఒక క్వార్టు పడుతుంది, అంటే 946 మిల్లీలీటర్లు. సగం 473. ఎనిమిది మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 59. ఏప్రిల్ 5 నుంచి 12 వరకు ఎనిమిది రోజులు, రోజుకు 7.4 మిల్లీలీటర్లు. పది రూపాయల సిరంజితో ఆ నీటిని కొలిచి మా ఇంటి ఉగ్గుగిన్నెలో పోశాను. గిన్నె అడుగు తడిసింది. ముక్కు దాకా కూడా నీరు చేరలేదు. బల్ల పక్కన ఈ గిన్నెనే పెడుతున్నాను, పక్కన చీటీ మీద అంకె మాత్రం రాస్తాను.

మేకులు పెట్టిన క్రమం:

1. వొరావ్కా: దూకిన చోటి దగ్గర.
2. హాటన్, టోనర్, నావిగేటర్ డీపీ హేస్, రేడియో ఆపరేటర్ రాబర్ట్ లామోట్, గన్నర్ శామ్యూల్ ఆడమ్స్: ఐదు మేకులు ఒకే చోట, నడక మొదలైన చోటికి వాయవ్యంగా సుమారు 130 కి.మీ., బల్ల మీద 6.5 సెం.మీ. వీరు 1960 ఫిబ్రవరిలో దొరికారు.
3. గై షెల్లీ, హెరాల్డ్ రిప్‌స్లింగర్: ఏప్రిల్ 9న సహాయం కోసం ముందుకు సాగినవారు. ఐదుగురి కన్నా 30 కి.మీ. పైగా అవతల, 1960 మే నెలలో దొరికారు. ఇసుక దిబ్బల మధ్య, ఆ నీటితో, అక్కడి దాకా నడిచారు.

మొదట ఐదు మేకులకూ ఒకే రంధ్రం చాలనుకుని ఒక లావు మేకు పెట్టాను. బల్లను చూసిన వడ్రంగి పెద్దాయన, ‘మనుషులు ఐదుగురంటిరి గదా సార్, ఒక్కటే కొట్టినరేంది’ అన్నాడు. ఆ మేకు పీకి, రంధ్రాన్ని బంక కలిపిన రంపపు పొట్టుతో పూడ్చి, ఐదు సన్న మేకులు పక్కపక్కన దించాను. వాటి మధ్య ఎడం 2 మి.మీ., స్కేలు ప్రకారం అది 4 కి.మీ. కాబట్టి అవి నిజమైన స్థానాలు కావని చీటీ రాసి అంటించాను.

తొమ్మిదో మనిషి వెర్నన్ మూర్ షెల్లీ, రిప్‌స్లింగర్‌లతో కలిసి బయలుదేరాడు. అతని అవశేషాలను గుర్తించిన దాఖలా లేదు. అతని మేకుకు పటం మీద రంధ్రం చేయలేదు. ఐదు మేకుల దగ్గర ముడివేసిన తెల్ల దారం ఒకటి వాయవ్యానికి వదిలి, దాని కొసకు ఆ మేకును కట్టాను. బల్లను నిలబెడితే అది కిందికి వేలాడుతోంది. పడుకోబెట్టి చూపించాలా, దారాన్ని బంకతో అంటించాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పటివరకు: సిరంజి 10. మొత్తం 3,385 రూపాయలు. పని 56 గంటలు. మిగిలిన పని: లూప్ అంచుకు రెండో పూత ఎర్ర రంగు, రాత్రి కొలతలు ఇంకో మూడు రోజులు.